‘చ’తో మొదలయ్యే పేర్లు

లిబోరియో కుల్కి ముప్ఫై ఒక్క ఏళ్ళు విశ్వవిద్యాలయం పెద్ద గేటు దగ్గర కాపలాదారుగా పనిచేశాడు. కహమార్కా కొండల్లో పిల్లల్ని చదివించుకోవాలనుకున్న ఏ ఇంట్లో అడిగినా ఆయన పేరు చెప్పేవారు. ఏటా మార్చిలో, వానలు ఇంకా వదలని రోజుల్లో, ప్రవేశ పరీక్ష జరిగేది. అన్ని చదువులకీ ఒకటే పరీక్ష, వంద ప్రశ్నలు. జవాబు కాగితం మీద తప్పు సున్నాని నింపితే వచ్చిన మార్కుల్లోంచి కొంత పోతుంది. వైద్యం చదవాలని వెయ్యిమందికి పైగా రాసేవారు. సీట్లు నలభై.

పరీక్ష నాడు లోహపు ముక్క ఏదీ గేటు దాటకూడదు. బెల్టులు, జడపిన్నులు, మెడలో మాత పతకాలు అన్నీ అక్కడే తీసేయాలి. బెల్టు తీశాక ప్యాంటు జారిపోతుందని బిక్కచచ్చిన కుర్రాళ్ళ కోసం లిబోరియో ముందురోజే కిత్తనార తాళ్ళు కోసి పెట్టుకునేవాడు. పతకం తీయనని ఏడ్చే ఆడపిల్ల దగ్గర తన టోపీ తిరగేసి పట్టుకునేవాడు.

“ఇందులో వెయ్యమ్మా. పరీక్ష అయ్యేదాకా మాతను నేను చూసుకుంటాను. నువ్వు లోపల ప్రశ్నల్ని చూసుకో.”

ఆ పిల్ల కన్నీళ్ళలోంచే నవ్వి లోపలికి పోయేది. నాలుగు గంటల తర్వాత ఎవరి పతకం వాళ్ళకి, ఎవరి పిన్నులు వాళ్ళకి అప్పగించేవాడు. ఒక్కటీ మారేది కాదు.

అయితే కొండవాళ్ళు ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేది ఇందుకు కాదు. ఫలితాల జాబితా గేటు పక్క గోడకి అంటించిన రోజున చదువురాని తల్లిదండ్రులు చిన్న కాగితం ముక్క మీద బిడ్డ పేరు రాయించుకుని వచ్చేవారు. లిబోరియో టోపీ తీసి చంకలో పెట్టుకుని, ఆ ముక్క అందుకుని, గోడ దగ్గరికి వెళ్ళి వెతికేవాడు. పేరు ఉంటే వీధంతా వినపడేలా చదివేవాడు. లేకపోతే మనిషికి దగ్గరగా వచ్చి, ఇంకెవరికీ వినపడకుండా, “ఈసారి లేదమ్మా” అనేవాడు. ఆయన చదివింది ఊళ్ళో మూడేళ్ళే. కానీ ఆ మూడేళ్ళూ మాస్టారు ముందు నిలబడి అక్షరమాల వల్లించిన చదువది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. వాళ్ళ భాషలో సి, హెచ్ కలిపి రాసే ‘చ’ని ఆ రోజుల్లో విడి అక్షరంగా నేర్పేవారు. క అని పలికినా, స అని పలికినా సితో రాసే పేర్లన్నీ అయిపోవాలి, అప్పుడు చ పేర్లు, ఆ తర్వాతే డి పేర్లు. బడి హాజరుపట్టీలో, చర్చి బాప్తిస్మం పుస్తకంలో, ఆఫీసులో ఎడెల్మిరా టైపు కొట్టే ఫలితాల జాబితాలో, అన్నిట్లోనూ అదే వరస.

ఎడెల్మిరా టైపు మిషను పక్కనపెట్టి మొదటిసారి కంప్యూటరు ముందు కూర్చున్న ఏడు ఇది జరిగింది.

సోమవారం మధ్యాహ్నం జాబితా అంటించారు. పొడవాటి కాగితాలు, ఆరువందల పైచిలుకు పేర్లు, ప్రతి పేరు పక్కన ఏ చదువో చిన్న అక్షరాల్లో. సన్నగా జల్లు పడుతోంది. గోడ ముందు గొడుగులు, ఉన్ని పాంచోలు, తోపులాట. ఒకమ్మాయి నెత్తిన ఎవరో అప్పుడే సీటు వచ్చిన సంబరానికి పిండి పోశారు, ఇంకో పక్క ఒక తల్లి గోడకి నుదురు ఆనించి ఏడుస్తోంది. గోధుమరంగు పాంచో కప్పుకున్న ఒక మనిషి ఆ గుంపు చివర చాలాసేపు నిలబడి, లిబోరియో ఖాళీ అయ్యాక దగ్గరికి వచ్చాడు.

“దోన్ లిబోరియో మీరేనా అయ్యా? మా ఊరివాళ్ళు మిమ్మల్నే అడగమన్నారు. ఆఫీసులో కళ్ళజోళ్ళవాళ్ళ దగ్గరికి పోవద్దు, వాళ్ళు తొందరలో ఉంటారు అన్నారు.”

“ఏ ఊరన్నా మీది?”

“జాల్కాపంప. పైన. లారీ దిగాక నాలుగు గంటల నడక. తెయోఫిలో చుకిలిన్ అంటారు నన్ను. ఇదిగో, మా పిల్ల పేరు.” ఆయన పాంచో లోపలనుంచి తడవకుండా దాచిన కాగితం తీశాడు. “మూడోసారి రాసిందయ్యా. వైద్యానికి. పరీక్ష రోజు దాని జడపిన్నులు మీ టోపీలోనే దాచారట. ఇంటికొచ్చి మా అమ్మకి అదే పనిగా చెప్పింది.”

“పిల్ల రాలేదా?”

“మా అమ్మకి ఒంట్లో బాగాలేదు. దాన్ని వదిలి రానంది. నువ్వు పోయి దోన్ లిబోరియోని అడుగు నాన్నా, ఆయన చెబితే నేను వెళ్ళి చూసినట్టే అంది.”

కాగితం మీద పేరు చక్కటి రాతలో ఉంది: చుకిలిన్ ఇస్పిల్కో, దోమితిలా.

లిబోరియో జనంలోంచి దారి చేసుకుని గోడ దగ్గరికి చేరాడు. వేలు సి పేర్ల చివరికి పోయింది. కుయెవా. కుస్మా. దాని కింద చ పేర్లు మొదలవ్వాలి. కానీ కుస్మా కింద దావిలా ఉంది.

ఆయన వేలు ఆగింది. ఈ ఏడు చ వాళ్ళు ఒక్కరు కూడా లేరా అనిపించింది. ఇలా ఎప్పుడూ జరగలేదే అని కూడా అనిపించింది. అదే క్షణాన వెనకనుంచి ఎవరో నెట్టారు, ఎవరిదో గొడుగునీళ్ళు మెడమీద చల్లగా పడ్డాయి, ఒక ముసలామె ఆయన మోచెయ్యి పట్టుకుని “నాయనా, నాది కూడా, నాది కూడా” అంటోంది. లిబోరియో మళ్ళీ చూడలేదు. వెనక్కి తిరిగాడు.

“ఈసారి లేదన్నా.”

తెయోఫిలో గోడవైపు చూడలేదు, లిబోరియో ముఖంలోకే చూశాడు. “సరేనయ్యా. మీరు చెప్పారంటే లేనట్టే.” తర్వాత సంచిలోంచి గుడ్డలో చుట్టిన జున్నుముద్ద తీశాడు. “ఇది మా అమ్మ పంపింది.”

“వద్దన్నా. మంచి మాట ఒక్కటీ చెప్పలేకపోయాను.”

“మాట మీరు పుట్టించింది కాదు కదా. తినండి.”

ఆ సాయంత్రం లిబోరియో, ఆయన భార్య ఎవరిస్తా ఆ జున్ను తిన్నారు. చాలా బాగుందని కూడా అనుకున్నారు.

మర్నాడు పొద్దున్నే, వాళ్ళ వీధిలో రొట్టెలు కాల్చే ఆవిడ కొడుకు గిల్మేర్ చావర్రి నున్నటి గుండుతో గేటు దగ్గరికి వచ్చాడు. సీటు వచ్చినవాళ్ళకి ఇంటివాళ్ళే గుండు గీసే ఆచారం అక్కడ.

“తాతా! వ్యవసాయంలో వచ్చింది నాకు!”

“నీకా? చ వాళ్ళు ఎవరూ లేరు కదరా ఈసారి.”

“లేకపోవడమేంటి? మరి ఈ గుండు ఊరికే గీయించుకున్నానా? చలికి చస్తున్నాను ఇక్కడ.”

వాడు లిబోరియో చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్ళాడు. సి పేర్ల నడిమధ్యన, సెర్నాకి కింద, సియెసాకి పైన, ఎనిమిదిమంది చ వాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. ఏ ఖాళీ లేదు, పైన చ అని పెద్దక్షరం లేదు, ఎవరికీ కనబడకూడదని దాక్కున్నట్టుగా. మొదటి పేరు చావర్రి. ఐదోది చుకిలిన్ ఇస్పిల్కో, దోమితిలా. పక్కన చిన్న అక్షరాల్లో: మానవ వైద్యం.

లిబోరియో టోపీ తీశాడు. గిల్మేర్ ఏదో అడుగుతున్నా ఆయనకి వినపడలేదు. తిన్నగా ఆఫీసులోకి, ఎడెల్మిరా కిటికీ దగ్గరికి నడిచాడు.

“ఈ యంత్రానికి చ అసలు అక్షరమే కాదు, దోన్ లిబోరియో,” అంది ఎడెల్మిరా విని. “సి ఒకటి, పక్కన హెచ్ ఒకటి. అంతే దానికి తెలిసింది. నాకే వారంరోజులు పట్టింది అలవాటు కావడానికి. మీకు చెప్పాలని తట్టలేదు.”

“వచ్చి సంతకం పెట్టడానికి గడువెప్పుడు?”

“రేపు మూడింటికి. రాకపోతే సీటు వరసలో తర్వాతివాళ్ళకి పోతుంది.” ఆమె ఆయన ముఖం చూసి గొంతు తగ్గించింది. “వానలో ఆ కొండలెక్కడ, మీ వయసెక్కడ! ఇంటికి పోండి. సీటు గాల్లో కలిసిపోదుగా. ఇంకో పిల్లకి వస్తుంది. ఆ పిల్లకీ ఒక తల్లి ఉంటుంది.”

అది దుర్మార్గపు మాట కాదు. ఎడెల్మిరా మంచి మనిషి, ఆయన మోకాళ్ళ నొప్పికి ప్రతి చలికాలం తైలం తెచ్చి ఇచ్చేది. లిబోరియో ఆ మాటని కాసేపు ఆలోచించాడు కూడా.

“ఆ తల్లికి నేను ఏ అబద్ధమూ చెప్పలేదమ్మా,” అన్నాడు చివరికి. “ఈయనకి చెప్పాను. రేపు మూడింటికి ముందు కిటికీ మూయకు.”

“మూడింటికైతే మూసి తీరాలి. అది నా చేతుల్లో లేదు.”

“మూడింటికే మూయి. రెండూ యాభై తొమ్మిదికి మాత్రం మూయకు.”

ఇంటికి వచ్చి పాంచో అందుకుంటుంటే ఎవరిస్తా అడ్డం నిలబడింది. “ఎవరితోనైనా కబురు పంపకూడదా? ఈ బురదలో నువ్వే ఎక్కాలా?”

“తప్పు చదివింది నా కళ్ళే. కళ్ళొక్కటే నడిచిపోలేవుగా, కాళ్ళు కూడా తోడు పోవాలి.”

ఎవరిస్తా పక్కకి తప్పుకుంది. రెండు రొట్టెలు, కాస్త ఉప్పు, తన జపమాల ఆయన సంచిలో పెట్టింది. గుమ్మం దాటాక వెనకనుంచి అంది: “ఆ జున్ను నేను కూడా తిన్నాను. ఆ అవ్వతో నా తరఫున కూడా చెప్పు.”

పాల డబ్బాల లారీ దారి చివర దింపేసరికి మధ్యాహ్నం దాటింది. అక్కడినుంచి ఎత్తైన గడ్డిభూమి. తడి గడ్డి, మంచు, అక్కడక్కడ గొర్రెలు. లిబోరియో జపమాల తిప్పుతూ నడిచాడు. దుఃఖ రహస్యాలనే ఐదు ప్రార్థనల్ని ఎన్నిసార్లు మొదలుపెట్టినా మూడోది దాటేసరికి మనసు గోడ దగ్గరికి, దావిలా అన్న పేరు మీద ఆగిన తన వేలు దగ్గరికి పోయేది. అనుమానం వచ్చింది కదా ప్రభూ, వచ్చి కూడా నేను చూడలేదు కదా. యంత్రం సంగతి నాకు తెలియకపోవడం తప్పు కాదేమో. అనుమానం వచ్చాక ఇంకొక్కసారి చూడకపోవడం మాత్రం నాదే. ఒక గొర్రెలకాపరి పిల్ల ఆయన్ని చూసి, అడగకుండానే, వాగు దాటే చోటుదాకా వచ్చి రాళ్ళు చూపించి వెళ్ళింది.

పొద్దు వాలుతుండగా జాల్కాపంప చేరాడు. మట్టి ఇల్లు, గడ్డి కప్పు, కప్పు సందుల్లోంచి పొగ. గుమ్మంలో తెయోఫిలో కట్టెలు చీలుస్తున్నాడు. లిబోరియోని చూసి గొడ్డలి కింద పెట్టేశాడు.

“అయ్యా! అమ్మా, చూడు ఎవరొచ్చారో. పట్నం నుంచి దోన్ లిబోరియో!” అని, ఆయన చేతులు రెండూ పట్టుకున్నాడు. “మమ్మల్ని ఓదార్చడానికి ఇంత దూరం నడిచారా?”

“తెయోఫిలో, నేను వచ్చింది…”

“ముందు లోపలికి రానివ్వరా ఆయన్ని,” పొయ్యి దగ్గర నుంచి ఒక ముసలి గొంతు అంది. తెయోఫిలో తల్లి సాంతోస్ అవ్వ గొర్రెచర్మాల మీద కూర్చుని ఉంది, భుజాల చుట్టూ రెండు దుప్పట్లు. “వణికిపోతున్నాడు పాపం. కూర్చో నాయనా. తిను, మాటలు తర్వాత.”

“అవ్వా, ముందు ఒక్క మాట చెప్పనివ్వు.”

“మా ఇంట్లో ఖాళీ కడుపుతో ఎవరూ మాట్లాడరు. దోమీ, గుడ్డు కూడా కొట్టు పులుసులో.”

పొయ్యి పక్కన చీకట్లోంచి అమ్మాయి లేచింది. ఇరవై ఏళ్ళుంటాయేమో. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. అయినా “నమస్కారం తాతా” అని పద్ధతిగా అని, పచ్చని ఆకుల పులుసులో బంగాళాదుంపలు, గుడ్డు వేసి ఆయన చేతికి గిన్నె అందించింది. గోడ పక్కన బట్టల మూట ఒకటి కట్టి ఉండటం లిబోరియో చూశాడు.

“గురువారం లిమాకి పోతోంది,” అన్నాడు తెయోఫిలో ఆ చూపు గమనించి. “మా బంధువులావిడ ఒక ఇంట్లో వంటపని ఎప్పుడో చూసిపెట్టింది. చదువు రాసిపెట్టి లేదు కదా, పోనీ అని.”

లిబోరియో తిన్నాడు. ఆ గిన్నె ఖాళీ చేయకుండా వాళ్ళు ఆయన్ని మాట్లాడనివ్వరు. అవ్వ మళ్ళీ ఒక దుంప వేయమంది, వేశారు, అదీ తిన్నాడు. ఆమె వంగి ఆయన తడి బూట్లు పొయ్యి దగ్గరికి జరిపింది. జీవితంలో ఎవరి చేతి అన్నమూ ఆయనకి అంత బరువుగా అనిపించలేదు.

గిన్నె కింద పెట్టి, మోకాళ్ళ మీద నిలబడ్డాడు.

“ఏంటయ్యా ఇది, లేవండి,” అన్నాడు తెయోఫిలో కంగారుగా.

“లేవలేనన్నా. నీకు నిన్న తప్పు చెప్పాను. మీ పిల్ల పేరు జాబితాలో ఉంది. నేను పాత వరసలో వెతికాను. కొత్త యంత్రం చ పేర్లన్నిటినీ సి మధ్యలో కలిపేసింది. నాకు అనుమానం కూడా వచ్చింది. అయినా మళ్ళీ చూడలేదు. వైద్యంలో సీటు వచ్చింది ఆమెకి. రేపు మూడింటిలోపు వెళ్ళి సంతకం పెట్టాలి.”

తెయోఫిలో ముఖం ఎర్రబడింది. లేచి బయటికి వెళ్ళిపోయాడు. వాకిట్లో గొడ్డలి ఎత్తి మొద్దు మీద రెండుసార్లు గట్టిగా కొట్టిన చప్పుడైంది. తర్వాత అదీ ఆగింది.

దోమితిలా మాత్రం కదలకుండా నిలబడి ఉంది.

“నిన్న రాత్రినుంచీ ఆ పరీక్ష మళ్ళీ మళ్ళీ రాస్తూనే ఉన్నాను తాతా,” అంది మెల్లగా. “మనసులో. నూరు ప్రశ్నలూ. ఎక్కడ తప్పానో వెతికాను. రెండు దొరికాయి, ఆ రెంటికే సీటు పోదు, మూడోది దొరకలేదు. దొరక్కపోయేసరికి నా బుర్రే పనికిరానిదనుకున్నాను. అంత తప్పు చేసి కూడా అదేంటో తెలుసుకోలేనంత మొద్దునని.”

“నువ్వు ఎక్కడా తప్పలేదు తల్లీ. తప్పింది నేను.”

ఆమె ఆయన వైపు చూసింది. కోపమో, దుఃఖమో, ఇంకా ఏదో, లిబోరియోకి తెలియలేదు. ఆమె గోడ దగ్గరికి పోయి, మూట ముడి విప్పి, లోపల అడుగున ఉన్న పుట్టిన కాగితం, బడి కాగితాలు తీసి పైన పెట్టింది.

“లారీ ఎన్నింటికి దొరుకుతుంది?”

“పదకొండింటికి,” అన్నాడు తెయోఫిలో గుమ్మంలోంచి. ఎప్పుడొచ్చి నిలబడ్డాడో. “తెల్లారకముందే దిగాలి మనం. మీరు ఇంక లేవండయ్యా. మోకాళ్ళు పట్టేస్తే రేపు మిమ్మల్ని కూడా మోయాలి.”

అవ్వ అప్పుడు నవ్వింది. తర్వాత దుప్పటి అంచుతో ముఖం కప్పుకుని చాలాసేపు ఏడ్చింది. ఎవరిస్తా చెప్పమన్న మాట లిబోరియో ఆమెకి చెప్పాడు. “జున్ను బాగుందా మరి?” అని మాత్రం అడిగింది.

మర్నాడు దారంతా దోమితిలా ఆయనతో మాట్లాడలేదు. తండ్రికంటే కూడా ముందు, వేగంగా నడిచింది. క్షమించమని అడగడానికి లిబోరియోకి నోరు రాలేదు. అడిగితే ఆ పిల్ల తప్పక సరేనంటుందని ఆయనకి తెలుసు. పెద్దవాడు అడిగాడని బలవంతంగా ఇచ్చే క్షమ ఆయనకి వద్దు. వాగు దగ్గర ఆమె ఆగింది. రాత్రి వానకి నీళ్ళు పెరిగాయి, నిన్న గొర్రెలకాపరి పిల్ల చూపించిన రాళ్ళు మునిగిపోయాయి. ఆమె చెప్పులు విప్పి, నీళ్ళలోకి దిగి, వెనక్కి తిరిగి చెయ్యి చాపింది.

“రండి తాతా. ఎడమకాలు ముందు పెట్టండి. నన్ను గట్టిగా పట్టుకోండి.”

ఆయన పట్టుకున్నాడు. దాటాక ఆమె చెయ్యి వదిలి మళ్ళీ ముందుకి నడిచింది.

లారీ గంట ఆలస్యంగా వచ్చింది. ఎడెల్మిరా కిటికీ ముందుకి వాళ్ళు చేరేసరికి రెండూ నలభై. ఎడెల్మిరా లేచి నిలబడి, కిటికీ తలుపుని ఇంకాస్త బార్లా తెరిచింది. దోమితిలా సంతకం పెట్టింది. తండ్రి స్థానంలో తెయోఫిలో బొటనవేలు ముద్ర వేశాడు. నీలం సిరా అంటిన వేలిని పాంచోకి తుడుచుకోకుండా, అలాగే పైకెత్తి పట్టుకుని బయటికి నడిచాడు. ఎవరూ కేకలు వేయలేదు, పిండి పోయలేదు. గోడ దగ్గర ఆగి తెయోఫిలో అడిగాడు, “ఎక్కడుందది?” దోమితిలా ఆయన వేలు పట్టుకుని ఆ పేరు మీద ఆనించింది. కాగితం మీద చిన్న నీలం మరక మిగిలింది.

ఆ వారమే లిబోరియో పెద్ద అధికారి దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాడు. జాబితా చదవడం తనకిక తగదన్నాడు. చదవమని మేమెప్పుడు చెప్పామయ్యా, మానమని చెప్పడానికి, అన్నాడాయన.

మరుసటి మార్చిలో కొండవాళ్ళు ఎప్పటిలాగే కాగితం ముక్కలతో వచ్చారు. లిబోరియో ఎవరి ముక్కా అందుకోలేదు.

“నేను వెతకనమ్మా. వెతికితే తప్పుతాను, ఒకసారి తప్పాను కూడా. అందరూ కూర్చోండి. మొదటి పేరునుంచి చివరి పేరుదాకా చదువుతాను. మీ బిడ్డ పేరు మీ చెవులే పట్టుకుంటాయి.”

టోపీ తీసి, గోడకి దగ్గరగా నిలబడి, ఒక్కొక్క పేరు కింద వేలు పెట్టి ఆరువందల పేర్లు చదివాడు. మొదట్లో ఎవరో విసుక్కున్నారు. తర్వాత గడ్డి మీద వరసగా కూర్చుని, పూజలో పునీతుల పేర్ల ప్రార్థన వింటున్నట్టు తలలు వంచి విన్నారు. మధ్యమధ్య ఒక తల్లి “నాదే, నాదే!” అని లేచేది. ఆయన ఆగి, ఆ పేరు మళ్ళీ ఒకసారి చదివేవాడు. పని మానేసేదాకా, తొమ్మిదేళ్ళు, ఆయన అలాగే చదివాడు. సెర్నా దాటగానే చ పేర్లు వచ్చేవి. ఆ ఎనిమిదో, పదో పేర్ల దగ్గర ఆయన గొంతు నెమ్మదించేది.

చివరి పేరు అయ్యేసరికి ఎండ కొండ దాటేది. పేరు పట్టుకున్నవాళ్ళు అప్పటికే వెళ్ళిపోయి ఉండేవారు. గడ్డి మీద ఇంకా కొందరు కాగితం ముక్క చేతిలో నలుపుతూ మిగిలేవారు. లిబోరియో టోపీ పెట్టుకోకుండానే వచ్చి, వాళ్ళ మధ్య కూర్చునేవాడు.